రెండు రూపాయల వడ్డీలో బి.ఏ. పట్టా

కర్నూలు, కడప జిల్లాల్లో ఇంటర్ పాసైన పిల్ల బి.ఏ. చేరతానంటే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఒకటే: చదివి ఏం ఉద్యోగం చేస్తావు? ఆ ప్రశ్నను చిన్నచూపు చూడకూడదు. వానను నమ్ముకుని, ఒక్క పంట పోతే ఏళ్ల తరబడి అప్పు మోసే ఇంట్లో మూడేళ్ల చదువు చాలా పెద్ద పెట్టుబడి. చరిత్ర, రాజనీతిశాస్త్రం, సమాజశాస్త్రం చదివిన పట్టాకు డబ్బుగా విలువ ఎంత అనే ప్రశ్నకు పనిముట్లు ఇచ్చింది కూడా ఒక సామాజిక శాస్త్రమే. వాటితోనే ఈ పట్టాను తూచి చూడాలి.

చదువును పెట్టుబడిగా లెక్కగట్టే పద్ధతికి ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1964లో రాసిన ‘హ్యూమన్ కాపిటల్’ పునాది వేసింది. పదేళ్ల తర్వాత జేకబ్ మిన్సర్ ఒక మనిషి ఆదాయాన్ని అతడు చదివిన ఏళ్లతో, పనిచేసిన అనుభవంతో ముడిపెట్టే సమీకరణాన్ని స్థిరపరిచాడు. వీళ్ల దృష్టిలో చదువు మనిషి పనితనాన్ని పెంచుతుంది. 1973లో మైకేల్ స్పెన్స్ మరో కోణం చూపించాడు: పట్టా పనితనాన్ని పెంచకపోయినా, ఎవరు ఓర్పుగా నేర్చుకోగలరో యజమానికి తెలిపే గుర్తుగా పనికొస్తుంది. ఈ రెండో మాట మనకు చాలా ముఖ్యం. పదో తరగతిలో మంచి మార్కులొచ్చి, ఇంట్లో కాస్త వెసులుబాటున్న పిల్లలు ఎం.పి.సి. వైపు వెళ్తారు. మిగిలిన వాళ్లలో చాలామంది ఆర్ట్స్ గ్రూపుల్లో చేరతారు. కాబట్టి బి.టెక్. జీతాన్ని, బి.ఏ. జీతాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే, మనం పోల్చేది రెండు చదువుల్నే కాదు, రెండు రకాల కుటుంబాలను కూడా.

ఖర్చు సంగతికొస్తే, కాలేజీ ఫీజు అందులో చిన్న భాగం. కర్నూలులో 1947 నాటి ఉస్మానియా కాలేజీ, 1972లో పెట్టిన సిల్వర్ జూబ్లీ ప్రభుత్వ కళాశాల ఉన్నాయి. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా తోడయ్యాక సీటు దొరకడం కష్టం కాదు. అసలు ఖర్చు వదులుకున్న కూలి. కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెల నుంచి పత్తి, మిరప పనుల కాలంలో కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతాయి. బియ్యం మూటలు, వంట సామాను, చిన్నపిల్లలతో సహా లారీ ఎక్కుతారు. పత్తి తీతకు కిలోల లెక్కన కూలి. డిగ్రీ చదివే కూతుర్ని హాస్టల్లో ఉంచి వెళ్లిన తల్లిదండ్రులకు రోజూ సాయంత్రం తూకంలో ఆ రెండు చేతుల లోటు తెలుస్తుంది. ఏ కాలేజీ రసీదులోనూ ఈ మొత్తం కనిపించదు.

ఒక లెక్క వేసి చూద్దాం. జీతం అంకె దగ్గర తప్ప మిగతా చోట్ల ఇవి ఊహించి తీసుకున్న అంకెలే. బి.ఏ. మూడేళ్లు, బి.ఇడి. రెండేళ్లు, మొత్తం ఐదేళ్లు. వదులుకున్న సంపాదన, అదనపు ఖర్చు కలిపి ఏడాదికి 1,80,000 రూపాయలు అనుకుందాం. 2022 వేతన సవరణలో ప్రభుత్వ బడి టీచరు, అంటే స్కూల్ అసిస్టెంట్, మూల వేతనం 44,570 రూపాయలతో మొదలవుతుంది. ఇతర భత్యాలు కలిపి 50,000 అనుకుని, చదవకపోతే వచ్చే 15,000 అందులోంచి తీసేస్తే, నెలకు 35,000, ఏడాదికి 4,20,000 లాభం. ఉద్యోగం 30 ఏళ్లు. జీతాల పెంపు, ధరల పెరుగుదల పక్కన పెడదాం.

రేపు వచ్చే రూపాయిని ఇవాళ్టి విలువకు తగ్గించడానికి వడ్డీ రేటు కావాలి. పాఠ్యపుస్తకాలు ఇక్కడ బ్యాంకు వడ్డీ వాడతాయి. 9 శాతం చొప్పున వేస్తే ఐదేళ్ల ఖర్చు ఇవాళ్టి విలువలో 7 లక్షలు, రాబడి 28 లక్షలు. నికరంగా 21 లక్షల లాభం. అయితే మన పల్లెల్లో పిల్లల చదువుకు చేసే అప్పు చాలాసార్లు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీది, అంటే ఏడాదికి 24 శాతం. అదే లెక్కను ఈ రేటుతో వేస్తే ఖర్చు దాదాపు 5 లక్షలు, రాబడి 6 లక్షలు. చదువు అదే, ఉద్యోగం అదే, జీతం అదే. లాభం మాత్రం 21 లక్షల నుంచి లక్షకు పడిపోయింది. బి.ఏ. విలువ ఎంత అని అడిగే ముందు ఎవరింట్లో, ఏ వడ్డీకి అని అడగాలి. నా దృష్టిలో ఈ చర్చలో అందరూ దాటేసేది ఇక్కడే.

ఇప్పుడు నిరీక్షణ. రాష్ట్రంలో టీచర్లను ఎంపిక చేసే డీఎస్సీ 2018లో జరిగాక, మళ్లీ పెద్ద నియామకం 2025లో, 16,347 పోస్టులతో జరిగింది. మధ్యలో అన్నేళ్లు బి.ఇడి. చేతబట్టుకుని కూర్చున్న వాళ్లు ఈ రెండు జిల్లాల్లో ఊరూరా ఉన్నారు. మన లెక్కలో ఏడాదికి అదే ఖర్చుతో ఐదేళ్ల నిరీక్షణ కలిపితే, బ్యాంకు వడ్డీ మీద లాభం 21 లక్షల నుంచి ఆరున్నర లక్షలకు తగ్గుతుంది. రెండు రూపాయల వడ్డీ మీద నాలుగున్నర లక్షలకు పైగా నష్టం తేలుతుంది. ఉద్యోగం వచ్చినా నష్టమే అన్నమాట. ఇక ఉద్యోగం నలుగురిలో ఒక్కరికే వస్తుందనుకుంటే, నిరీక్షణ లేకపోయినా, బ్యాంకు వడ్డీ మీద కూడా సగటున ఖర్చుకూ రాబడికీ సరిగ్గా సరిపోతుంది. మిగిలిన ముగ్గురికీ పట్టా వల్ల ఏ ప్రయోజనమూ లేదనుకుని వేసిన కఠినమైన లెక్క ఇది. నిజజీవితంలో వాళ్లకూ ఏదో ఒకటి దక్కుతుంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో వెలువరించిన భారత ఉపాధి నివేదికలో, 2022లో పట్టభద్రులైన యువతలో నిరుద్యోగం 29.1 శాతం, చదవడం రాయడం రాని యువతలో 3.4 శాతం. చదువు దండగ అనడానికి ఈ అంకెలను వాడేవాళ్లున్నారు. అది పొరపాటు. చదువురాని పేద మనిషి ఏ పని దొరికితే ఆ పనికి పోతాడు, ఖాళీగా ఉండే స్తోమత అతనికి లేదు. పట్టభద్రుడి నిరుద్యోగంలో పెద్ద భాగం మంచి ఉద్యోగం కోసం కట్టిన వరస. నంద్యాలలో బ్యాంకు పరీక్షల కోచింగ్ ఇంతగా పెరగడం ఆ వరస పొడవును చెబుతుంది. ఒకే గదిలో నలుగురు, గోడ మీద సిలబస్ కాగితం, ఇంటి నుంచి వచ్చే నెల డబ్బు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు లక్షకు పైగా ఉద్యోగాలు తెచ్చినప్పుడు ప్రొబేషన్ జీతం నెలకు 15,000 రూపాయలే. అయినా యువత వాటి కోసం ఎగబడింది. నిరీక్షణ తెగిపోవడానికి ఎంత విలువ ఉందో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఇంతవరకు లెక్కగట్టింది చదివిన మనిషికి దక్కే రాబడి. ఊరికి దక్కేది వేరే ఉంది. 1990లలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో కర్నూలు జిల్లా ఓర్వకల్లులో మహిళా పొదుపు సంఘాలు బలపడ్డాయి. అలాంటి సంఘం నిలబడాలంటే ఆ ఊళ్లో ఎవరి మాట చెల్లుతుంది, ఏ కులం వాళ్లు ఏ వీధి దాటి రారు, మగవాళ్ల అప్పులు ఆడవాళ్ల పొదుపును ఎలా మింగుతాయి అన్నది తెలిసిన మనిషి కావాలి. అదే ఓర్వకల్లు మండలంలోని శకునాల, పక్క మండలంలోని గని గ్రామాల దగ్గర వేల ఎకరాల్లో సౌర పార్కు వెలసింది. ఇలాంటి భూసేకరణల కోసమే 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనాను తప్పనిసరి చేసింది. భూమి పట్టా లేకుండా మేత పొలం మీద బతికే కుటుంబాన్ని సర్వేలో పట్టుకోవడం సమాజశాస్త్రం చదివినవాళ్ల పని. ఆ పని బాగా జరిగితే లాభం ఊరందరిదీ. చేసినవాళ్ల జీతంలో ఆ లాభం కనిపించదు కాబట్టే కుటుంబం వేసుకునే లెక్కలో అది చేరదు.

అందుకే ఆ పిల్లను బి.ఏ. వద్దని ఆపడం నాకు సమ్మతం కాదు. చెప్పాల్సింది వేరే: నోటిఫికేషన్ కోసం ఇల్లు ఎన్నేళ్లు ఆగగలదో ముందే తేల్చుకోవాలి, ఆ గడువు దాటాక పట్టుకునే రెండో పని ఒకటి కాలేజీలో ఉండగానే నేర్చుకోవాలి. 2023-24 నుంచి డిగ్రీలో ఒకే మేజర్ విధానం వచ్చి, చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం మూడూ సమానంగా చదివే పాత గ్రూపు పోయింది. మేజర్‌తో పాటు తీసుకునే మైనర్ సబ్జెక్టును గణాంకశాస్త్రానికో, సర్వే పద్ధతులకో, అకౌంట్లకో కేటాయిస్తే నిరీక్షణ కాలంలోనే సంపాదన మొదలవుతుంది. మన లెక్కలో ఏడాదికి 1,80,000 ఖర్చు సగానికి తగ్గినా రెండు రూపాయల వడ్డీ ఇంట్లో నష్టం కొంతవరకు తగ్గుతుంది.

మిగతాది ప్రభుత్వం చేయాలి. ఏటా ఒకే నెలలో, ఎన్ని ఖాళీలుంటే అన్నింటికి డీఎస్సీ పెట్టడం కొత్త పథకం కాదు, ఖజానాకు పెద్ద భారమూ కాదు. సాంఘిక సంక్షేమ హాస్టల్లో డిగ్రీ ముగిసిన రోజునే మంచం ఖాళీ చేయించకుండా, పరీక్షలకు చదివేవాళ్లను మరో రెండేళ్లు ఉండనిస్తే, సుగ్గికి పోయిన ఇల్లు ఆ రెండేళ్లకు కొత్త అప్పు రాయించుకునే అవసరం తప్పుతుంది.