చావుల చిట్టా చెప్పిన సంగతి

ఇంట్లో ఎవరైనా కాలం చేస్తే ఆస్తి మార్పుకో, బీమా సొమ్ముకో కాగితం కావాలి గనుక మనము కార్పొరేషను ఆఫీసుకు వెళ్తాము. ఆ రిజిస్టరులోని ఒక్కొక్క పంక్తి పేటలను కాపాడగలదని మేమంటే అతిశయోక్తి అనుకుంటారేమో. లండనులో 1854లో జరిగినది చూడండి.

ఆ ఏడు ఆగస్టు ఆఖరున సోహో పేటలో కలరా విరుచుకుపడింది. చెడుగాలివల్లనే కలరా వస్తుందని అప్పట్లో చాలమంది వైద్యుల నమ్మకం. జాన్ స్నో అనే వైద్యుడు మాత్రం నీటిని అనుమానించాడు. ఇంగ్లండులో 1837 నుండి చావులు రిజిస్టరు చేసే పద్ధతి ఉన్నది. స్నో ఆ కచేరీనుండి 83 మరణాల జాబితా తీసుకొని విచారించాడు. దాదాపు అన్నీ బ్రాడ్ వీధి చేతిపంపుకు దగ్గరి ఇండ్లలోనివే. మరొక పంపుకు దగ్గరగా ఉండి పోయినవారు పదిమందే. వారిలో అయిదుగురి కుటుంబాలు బ్రాడ్ వీధి నీళ్లే తెప్పించుకొనేవి. ముగ్గురు పిల్లలు ఆ పంపు దగ్గరి బడికి వెళ్లేవారు.

బ్రతికినవారి లెక్కను కూడ అతడు విడువలేదు. అక్కడి బీదల ఆశ్రమంలో 535 మంది ఉంటే అయిదుగురే పోయారు. దానికి సొంత బావి ఉన్నది. బీరు కార్ఖానాలో డెబ్బదిమందికి పైగా పనివారుంటే కలరాతో ఒక్కరూ పోలేదు. వారు బీరే త్రాగేవారు!

సెప్టెంబరు 8న ఆ పంపు పిడి ఊడదీశారు. జనం పారిపోవడంవల్ల చావులు అప్పటికే తగ్గుముఖం పట్టినవని స్నోయే వ్రాశాడు. అయినా జబ్బు వచ్చే త్రోవ తెలిసింది. మరుసటి ఏడు త్రవ్వి చూడగా, ప్రక్క ఇంటి మలకూపం ఆ బావిలోకి ఊరుతున్నట్లు బయటపడింది.

నేడు కంప్యూటర్లు లక్షల లెక్కలు చూస్తున్నవి. బెంగుళూరులో 2021లో మురుగునీటిని పరీక్షించి కోవిడ్ జాడ తీశారు. కాని వ్రాయని పంక్తిని ఏ యంత్రమూ చదువలేదు.

మన దేశంలో 1969 నాటి చట్టం క్రింద మరణాన్ని 21 రోజులలోగా, అది జరిగిన ఊళ్లోనే వ్రాయించవలెను. కర్మలు స్వగ్రామంలో జరిపినా లెక్క ఇక్కడిదే. తాతలనాటినుండి ఈ ఊళ్ల నీళ్లు త్రాగుతున్న మనకు ఇది పరాయి పని కాదు. నలుగురూ ఏమనుకుంటారోనని క్షయను దాచి "గుండె ఆగింది" అనిపిస్తే పోయినవారికి గౌరవం పెరగదు. ప్రక్కింటి పసివాడికి రక్షణా దొరకదు. నిజమైన జబ్బు పేరే వ్రాయించండి.