ఇంటిబండికి బలము: పట్టికల సవరణయా, పెద్ద యంత్రమా?

ఐరోపా ఖండమున సెలవుదినములందు కొన్ని కుటుంబములు ఇంటిని వెంటబెట్టుకొనియే ప్రయాణము చేయుట కలదు. పడకలు, వంటపొయ్యి, నీటితొట్టి, స్నానపుగది యన్నియు ఒక్క మోటారుబండిలోనే అమర్చబడియుండును. దీనికి మోటారుహోము అని పేరు. అక్కడి మోటారుహోములలో పెక్కింటికి ఆధారము ఫియట్ కంపెనీవారి డ్యుకాటో అను సరకుబండి. అట్టి బండి కొండ నెక్కునపుడు రొప్పుచున్నదని తోచిన యజమానికి రెండు మార్గములు కలవు. ఉన్న యంత్రమునకు రీమాపింగు చేయించుట యొకటి. అధికశక్తి గల యంత్రముతో కూడిన బండిని కొనుట రెండవది. వీనిలో నేది మేలో విచారింతము.

మొదట నిజముగా ఎంత శక్తి కావలయునో లెక్క వేయుదము. ఆస్ట్రియాలోని గ్రోస్‌గ్లాక్నర్ కొండబాట 1935లో తెరువబడినది. దాని వాలు కొన్నిచోట్ల నూటికి 12 వరకు ఉండును. 3,500 కిలోగ్రాముల బండి ఆ వాలుమీద గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవలెనన్న, సెకనుకు ఇంచుమించు 1.65 మీటరు పైకి లేవవలెను. ఒక సెకనులో 75 కిలోగ్రాముల బరువును ఒక మీటరు ఎత్తుటకు కావలసినది ఒక మెట్రిక్ అశ్వశక్తి. కావున 3,500ను 1.65చే హెచ్చించి 75చే భాగింప 77 వచ్చును. గాలి అడ్డు, టైర్ల యొరపిడి, గేర్లలోని నష్టము చేర్చిన ఈ సంఖ్య నూటికి సమీపించును. 130 అశ్వశక్తుల యంత్రమున కిది అసాధ్యము గాదు; కాని వేగము పెంచదలచిన మిగులు స్వల్పమే.

ఇక రీమాపింగు. ఆధునిక డీజిలు యంత్రమును ఒక చిన్న కంప్యూటరు నడుపును. ఏ వేగమునందు ఎంత డీజిలు చిమ్మవలయునో, టర్బో గాలిని ఎంత ఒత్తిడితో నింపవలయునో అందులో పట్టికల రూపమున వ్రాయబడియుండును. ఆ పట్టికలను మార్చి వ్రాయుటయే రీమాపింగు. యంత్రము చేసినవారు నాసి డీజిలు, తీవ్రమైన ఎండ, ఎత్తైన చోట్ల పలుచని గాలి, యంత్రపు అరుగుదల మున్నగువానిని తలచి కొంత యెడము విడిచియుందురు. రీమాపింగు చేయువాడు ఆ యెడములో కొంత వాడుకొనును. దీనికి ఇంగ్లండులో కొన్నివందల పౌనులు చాలును. బండి మార్చుటకు వేలకువేలు కావలయును.

అయితే ఆ యెడము ఊరక విడువబడినది కాదు. త్రిప్పుడు బలము పెరిగినకొలది క్లచ్చి, గేరుపెట్టె అధికభారము మోయవలెను. పాతబడిన క్లచ్చి జారుట కలదు. డీజిలు హెచ్చి గాలి చాలనిచో పొగమసి పెరిగి, పొగగొట్టములోని వడపోత పూడుకొనును. వేడిమి టర్బోను బాధించును. ఆ వడపోతను పెరికివేయుట మరియొక తప్పు. బ్రిటనులో 2014 ఫిబ్రవరి మొదలు అది లేని బండి వార్షిక పరీక్షలో నెగ్గదు.

పెద్ద యంత్రమున కీ చిక్కులు తక్కువ. తయారీదారుడే పరీక్షించి వారంటీ నిచ్చును. కాని ఇందును ఒక మెలకువ కలదు. డ్యుకాటో 2.3 లీటర్ల యంత్రమొక్కటే ఒకకాలమున 130, 150 అశ్వశక్తులుగా అమ్మబడెను. కావున పేరులోని సంఖ్యను చూచి మోసపోక, టర్బో, క్లచ్చి, గేరుపెట్టె నిజముగా వేరో కావో అడిగి తెలిసికొనవలెను.

రెండు మార్గములకును సామాన్యమైన మాట యొకటి కలదు. శక్తి పెరిగినంత మాత్రమున బండికి అనుమతించిన బరువు పెరుగదు, బ్రేకులు బలపడవు. కొండ నెక్కించునది యంత్రము, క్షేమముగ దింపునది బ్రేకు. ఆ బండిలో నిద్రించు పిల్లల ప్రాణములు రెండవదానిపై నాధారపడియున్నవి. కావున మొదట అక్కరలేని సామాను దింపి, గాలి వడపోతను, టైర్లలోని గాలిని, టర్బో గొట్టములను పరీక్షింపవలెను. రోగము తెలియక మందు మింగుట తగదు గదా!

అటుపై రీమాపింగు చేయించినచో ఆ సంగతి భీమా కంపెనీకి తెలుపవలెను. కంటికి కనబడని మార్పు గదా యని దాచినవాడు, ఆపద వచ్చిననాడు పరిహారము పోగొట్టుకొనవచ్చును. జర్మనీలో నట్టి మార్పును పరీక్షకునిచే నంగీకరింపజేయనిచో బండి నడుపు అనుమతియే రద్దు కావచ్చును.

మా అభిప్రాయ మిది. బండి యింకను కొనబడకున్నచో, బరువైనదానికి తొలుతనే తగిన యంత్రమును ఎన్నుకొనుట మేలు. ఉన్న బండి ఆరోగ్యముగ నుండి, వారంటీ కాలము దాటి, లోటు కొద్దిదైనచో, నమ్మకమైన పనివానిచే మితముగ రీమాపింగు చేయించుట వివేకమే. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కించు సువార్త ఉపమానమును మనము ఎరుగుదుము. ఆ లెక్కలో ధనముతోపాటు బరువును, వేడిమిని, సత్యమును గూడ చేర్చవలెనని విద్యార్థులు గ్రహింతురు గాక!