తొడుగు స్క్రిప్టు

యునిక్స్, లినక్స్ వంటి నిర్వహణ వ్యవస్థలలో అప్పటికే ఉన్న ఒక ఆదేశం పేరునే పెట్టుకొని, ముందుగా తన పని కొంత చేసి, మిగిలినదానిని అసలు ఆదేశానికి అప్పగించే చిన్న షెల్లు ప్రోగ్రామును తొడుగు స్క్రిప్టు లేదా రేపర్ స్క్రిప్టు అంటారు. వాడుకరి ఎప్పటిలాగే పాత పేరునే టైపు చేస్తాడు. అసలు ప్రోగ్రామును తాకనక్కరలేదు.

పాత్ వరుస

1979లో వెలువడిన యునిక్స్ ఏడవ కూర్పులోని బోర్న్ షెల్లు ఆదేశాలను పాత్ అనే చలరాశిలో ఉన్న డైరెక్టరీలలో వెతికేది. నేటి షెల్లులదీ అదే పద్ధతి. వెతుకులాట ఎడమ నుండి కుడికి సాగి, ఆ పేరుతో మొదట దొరికిన ఫైలు దగ్గర ఆగిపోతుంది. కనుక వాడుకరి సొంత డైరెక్టరీని వరుసలో ముందు చేర్చి, అందులో స్క్రిప్టును ఉంచితే చాలు.

ఉపయోగాలు

స్వేచ్ఛ సంస్థ రూపొందించిన లినక్స్ వంటి తెలుగు వ్యవస్థలలో సందేశాలు తెలుగులో వస్తాయి. ఆంగ్ల సందేశాలను మాత్రమే చదవగల పాత ప్రోగ్రాము ఏదైనా అక్కడ తడబడితే, ఆ సందేశాలను ఇచ్చే ఆదేశానికి మాత్రమే భాషను మార్చే తొడుగు వేయవచ్చు. ఆండ్రూ ట్రిడ్జెల్ రాసిన సీక్యాష్ స్క్రిప్టు కాదు గాని, దాని ఉపాయమూ ఇదే: జీసీసీ పేరుతో ముందు నిలబడి, మునుపే కంపైలు చేసిన ఫైలయితే దాచిన ఫలితాన్ని ఇస్తుంది, కాకపోతే అసలు జీసీసీని పిలుస్తుంది.

తనను తాను పిలుచుకొనే ప్రమాదం

స్క్రిప్టు లోపల ఆదేశాన్ని ఉత్త పేరుతో పిలిస్తే షెల్లు మళ్ళీ మొదటి నుండి వెతికి అదే స్క్రిప్టును నడుపుతుంది. ఈ చక్రానికి అంతు ఉండదు. పిలుపు పిలుపుకూ కొత్త ప్రక్రియ పుట్టి కంప్యూటరు స్తంభించవచ్చు. షెల్లులోని 'కమాండ్' అనే అంతర్గత ఆదేశం దీనికి విరుగుడని కొందరు పొరబడతారు. అది అదే పేరుగల షెల్లు ఫంక్షనును మాత్రమే దాటవేస్తుంది, పాత్‌లోని ఫైలును కాదు.

అసలు ప్రోగ్రాము పూర్తి చిరునామా రాయడం సులువైన మార్గం. అయితే అది అన్ని యంత్రాలలో ఒకే చోట ఉండదు. పాత్ నుండి తన డైరెక్టరీని ఒక్కదానినే తీసివేసి వెతకడం మరొక మార్గం. ఒకే పేరుతో రెండు తొడుగులు రెండు డైరెక్టరీలలో ఉంటే ఇదీ బెడిసికొడుతుంది: మొదటిది రెండవదానిని, రెండవది మొదటిదానిని పిలుచుకుంటూ పోతాయి. తన డైరెక్టరీ తరువాత ఉన్నవాటిలో మాత్రమే వెతకడం సరైన పద్ధతి. ఇలా కుదించిన పాత్‌ను వెతుకులాటకే వాడాలి. అసలు ప్రోగ్రాముకు పూర్తి పాత్‌నే అందించాలి, లేకపోతే అది పిలిచే ఇతర ఆదేశాలు దొరకకపోవచ్చు.

ఇతర జాగ్రత్తలు

చివరి పిలుపును 'ఎగ్జెక్'తో చేస్తే స్క్రిప్టు స్థానంలోకే అసలు ప్రోగ్రాము వస్తుంది; దాని ముగింపు సంకేతం, దానికి పంపిన సిగ్నళ్ళు చెక్కుచెదరవు. వాడుకరి ఇచ్చిన పదాలను అందించేటప్పుడు డాలరు, ఎట్ గుర్తుల జంటను జంట కొటేషన్ల మధ్య రాయాలి. లేనిచో పేరులో ఖాళీ ఉన్న ఫైలు రెండు ఫైళ్ళుగా చీలుతుంది. తుడిచివేసే ఆదేశానికి తొడుగు వేసినప్పుడు ఈ పొరపాటు వేరే ఫైలునే పోగొట్టవచ్చు. బాష్ వంటి షెల్లులు ముందు దొరికిన చోటును గుర్తుంచుకుంటాయి కనుక కొత్త తొడుగు వెంటనే పనిచేయకపోతే 'హ్యాష్' ఆదేశంతో ఆ జ్ఞాపకాన్ని చెరపవచ్చు. సుడో, క్రాన్ తరచు తమ సొంత పాత్‌ను వాడతాయి కనుక వాటి ద్వారా నడిపినప్పుడు వాడుకరి తొడుగు పక్కన ఉండిపోవచ్చు.