వార్తల్లో పదం: సీఎఫ్‌ఓ

కట్టంగూర్ చుట్టుపక్కల పత్తి ఏరాక చేలో మిగిలేది పత్తి కట్టె, గట్ల మీద పెరిగేది సర్కారు తుమ్మ. వీటిని బాయిలర్‌లో కాల్చి నీటిని మరిగించి, ఆ ఆవిరితో టర్బైన్ తిప్పితే బయోమాస్ కరెంటు. అలాంటి ప్లాంటు కట్టే ముందు కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతి సీఎఫ్‌ఈ. కట్టాక, నడపడానికి ఇచ్చేది సీఎఫ్‌ఓ. 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం వీటికి ఆధారం. బొగ్గు వంటి సహాయక ఇంధనం 15 శాతం దాటకుంటే, 15 మెగావాట్ల వరకు కేంద్ర నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి అక్కర్లేదు. సీఎఫ్‌ఓ మాత్రం తప్పదు. చిమ్నీ పొగలో ధూళి, బూడిద పారబోత, వదిలే నీరు, అన్నింటికీ అందులో షరతులుంటాయి. కట్టె తడిగా ఉంటే మంట సరిగా అంటుకోదు, పొగ చిక్కనవుతుంది. ఊరివాళ్లకు ముందు తెలిసేది అదే.