నికానా, నికొనా?



ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ‘కియా’ అనే కొరియా పేరు పెనుకొండ, హిందూపురం, ధర్మవరంలో అందరి నోటా నానుతోంది. కెమెరా లెన్సుల పేర్లూ అలాగే అలవాటవుతాయి.

జర్మన్‌లో ‘ఈ’, ‘ఐ’ అనే ఇంగ్లీషు అక్షరాలు వరుసగా వస్తే ‘ఐ’ అని పలుకుతారు. ఐన్‌స్టీన్ పేరు మొదట్లో వినిపించేది అదే. అందుకే లీకా కాదు, ‘లైకా’. కొన్ని ఫోన్ కెమెరాల పక్కన కనిపించే పేరు జీస్ కాదు, ‘జైస్’. జర్మన్లు ‘ట్సైస్’ అంటారు.

జపాన్‌లో ‘నికొన్’, మన దగ్గర ‘నికాన్’, అమెరికాలో ‘నైకాన్’. ఎవరి పలుకుబడి వారిది. కాబట్టి పిల్లలు ఇలాంటి పేర్ల దగ్గర తడబడితే నవ్వకండి. అది ఏ దేశం పేరో కలిసి తెలుసుకోండి. విన్నది విన్నట్టు తెలుగులో రాయించండి. మన అక్షరాల్లో ఆ ధ్వని చాలావరకు ఒదుగుతుంది.