తలకు తగిన శిరస్త్రాణము

కొలత తీయనిదే దర్జీ చొక్కాకు కత్తెర వేయడు. కాలు దూర్చి రెండడుగులు నడిచి చూడనిదే మనము చెప్పులకు వెల చెల్లింపము. కాని ప్రాణమును కాపాడవలసిన హెల్మెట్టును మాత్రము రంగు చూచి, ధర చూచి, క్షణములో కొని తెచ్చుకొందుము. అది తలకు సరిపోయినదా అను ప్రశ్న చాలమందికి తోచనే తోచదు. ఆ ప్రశ్నను గూర్చియే ఈ ప్రసంగము.

హైదరాబాదు నగరములో అమీర్‌పేట నుండి పంజగుట్ట వఱకు గల దారిని ఎఱిగినవారికి దీని అవసరము వేఱుగా చెప్పనక్కఱలేదు. అమీర్‌పేటకు కంప్యూటరు శిక్షణ కొఱకు వచ్చిన యువకులు హాస్టళ్ళలో ఉందురు. ఒక బండిని ఇద్దఱు ముగ్గురు స్నేహితులు వాడుకొందురు. బండితోబాటు హెల్మెట్టును కూడ. ఒకని తల చుట్టుకొలత 56 సెంటీమీటర్లు, మఱియొకనిది 60 కావచ్చును. ఒకే హెల్మెట్టు ఇరువురికి సరిపోవునా? బైకు టాక్సీ ఎక్కువారికి చోదకుడు అందించు హెల్మెట్టు సంగతియు ఇంతే. అదే దారిలో పంజగుట్ట కూడలి దాటగానే నిమ్స్ ఆసుపత్రి ఉన్నది. ఒకప్పుడది నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి. విఱిగిన ఎముకను వైద్యులు అతికింపగలరు. దెబ్బ తిన్న మెదడును మునుపటివలె చేయుట అన్నివేళల వారి చేతిలో లేదు.

హెల్మెట్టు విలువను లోకమునకు చాటినవారిలో ముఖ్యుడు ఒక వైద్యుడే. అరేబియా లారెన్సుగా ప్రసిద్ధుడైన టి. ఇ. లారెన్సు 1935 మే నెలలో ఇంగ్లండులో మోటారు సైకిలు ప్రమాదమునకు గుఱియై, ఆఱు దినముల పిమ్మట మరణించెను. ఆయనను చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్‌స్ అను మెదడు శస్త్రవైద్యుడు ఒకడు. కెయిర్న్‌స్ తరువాతి కాలమున సైనిక చోదకుల తలగాయములను పరిశీలించి, హెల్మెట్టు వలని రక్షణను గూర్చి 1941లో వ్యాసము ప్రకటించెను. 2008 నాటి కోక్రేన్ సమీక్ష ప్రకారము, ప్రమాదమునకు లోనైన మోటారు సైకిలు ప్రయాణికులలో హెల్మెట్టు మరణావకాశమును సుమారు 42 శాతము, తలగాయపు అవకాశమును 69 శాతము తగ్గించును.

ఈ రక్షణ ఎట్లు కలుగును? పైనున్న గట్టి డిప్ప దెబ్బను ఒకేచోట పడనీయక విస్తరింపజేయును. దాని లోపల థర్మోకోలు వంటి దళసరి పొర ఉండును. ఆ పొర నలిగి, దెబ్బ శక్తిని తాను మ్రింగి, తల ఆగుటకు సెకనులో కొన్ని వేయవ వంతుల వ్యవధిని అదనముగా కల్పించును. మెదడును కాపాడునది ఆ వ్యవధియే. లోపలి మెత్తని గుడ్డ దిండ్లు తలను ఆ పొరకు చేర్చి నిలుపుటకు మాత్రమే. హెల్మెట్టు వదులైనచో దెబ్బ తగులు వేళకు అది ఉండవలసిన చోట ఉండదు. పట్టీ బిగింపనిచో తల నేలను తాకక మునుపే ఊడి దొర్లిపోవచ్చును.

కావున కొనుటకు ముందు దర్జీ టేపు తీసికొనుడు. కనుబొమలకు రెండు వ్రేళ్ళ పైగా, చెవులకు పైగా, వెనుక తల మిక్కిలి ఉబ్బిన చోటు మీదుగా చుట్టి, రెండు మూడు మార్లు కొలిచి, పెద్ద కొలతను గ్రహింపుడు. మన దేశపు హెల్మెట్లపై 560, 580, 600 అని మిల్లీమీటర్లలో కొలతలు ఉండును. 58 సెంటీమీటర్ల తలకు 580 అన్నమాట. అయితే ఒక కంపెనీ 580, మఱియొక కంపెనీ 580 సమానముగా ఉండునని నమ్మరాదు. తలలలోను కొన్ని గుండ్రనివి, కొన్ని కోలవి. కొలత దారి చూపును గాని, తీర్పు చెప్పవలసినది తలయే.

పట్టీలను ఇరువైపులకు లాగి పట్టి హెల్మెట్టును తొడుగుడు. అంచు కనుబొమలకు కొంచెము పైగా నిలువవలెను. దిండ్లు చెక్కిళ్ళను అంటి ఉండవలెను. గడ్డము క్రింద రెండు వ్రేళ్ళు మాత్రమే దూరునట్లు పట్టీ బిగింపుడు. ఇప్పుడు తలను కదల్పక హెల్మెట్టును రెండు చేతులతో ప్రక్కలకు త్రిప్పుడు. నుదుటి చర్మము దానితోబాటు కదలినచో సరిపోయినట్లు. హెల్మెట్టు మాత్రమే తిరిగినచో వదులు. తరువాత వెనుక అంచును పట్టి ముందుకు ఎత్తి చూడుడు. ఊడివచ్చినచో, ఎంత అందమైనదైనను దుకాణములోనే విడువుడు. పిమ్మట పది నిమిషములు తీయక ఉంచుకొనుడు. అంతట సమానమైన బిగువు మంచిదే. ఏలనన క్రొత్త దిండ్లు వాడుకలో అణగును. నుదుట ఒకచోట నొప్పి పుట్టినచో ఆ ఆకారము మీ తలకు తగదు. ఎదిగెడి పిల్లలకు చొక్కా కుట్టించినట్లు వదులుగా కొనరాదు. కొప్పు పైన ఉన్నచో హెల్మెట్టు క్రిందికి దిగదు. జడను మెడ వెనుక క్రిందుగా వేసికొనుట మేలు. చెమటకై లోపల నూలు టోపీ ధరించువారు దానితోనే సరిచూచుకొనవలెను.

చట్టమును ఈ మాటనే చెప్పుచున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 129వ సెక్షను, పట్టీతో తలకు గట్టిగా బిగింపబడినదానినే శిరస్త్రాణముగా నిర్వచించినది. 2019 సవరణ ననుసరించి నాలుగేండ్లు దాటిన ప్రతివారికి, వెనుక కూర్చున్నవారికి కూడ, ఇది తప్పనిసరి. తలపాగా ధరించు సిక్కులకు మినహాయింపు ఉన్నది. 2021 జూన్ 1 నుండి ఐ.ఎస్.ఐ. ముద్ర లేని హెల్మెట్ల అమ్మకము నిషిద్ధము, ముద్రతోబాటు ఐ.ఎస్. 4151 అను సంఖ్యను కూడ చూచుకొనవలెను.

ఒకమాఱు గట్టి దెబ్బ తిన్న హెల్మెట్టు పైకి బాగుగా కనబడినను, లోపలి పొర నలిగి ఉండవచ్చును. నలిగినది తిరిగి పూర్వపు బలమును పొందదు, దానిని మార్చవలెను.

మోచేతికి తగిలించుకొన్నదియు, అద్దమునకు వ్రేలాడదీసినదియు, పట్టీ బిగింపక తలపై నుంచుకొన్నదియు ఆపదవేళ ఇంచుమించు ఒక్కటే. చలానాకు జడిసి పెట్టుకొన్న హెల్మెట్టు చలానాను మాత్రమే తప్పించును. మన యింట బండి ఎక్కువారు ఎందఱో, అందఱి తలలను ఒక ఆదివారమునాడు టేపుతో కొలిచి వ్రాసి ఉంచుకొందము. ఎవరి హెల్మెట్టు వారికి ఉండునట్లు చూచుకొందము.