ఆరు కోట్ల చుక్కలూ, ఓ గూడబాతూ

మావాడు కొత్త కెమెరా కొన్నాడర్రా, సోనీ ఏ7ఆర్-5. అందులో 6 కోట్ల 10 లక్షల పిక్సెళ్లు! "తాతయ్యా, పాతదానికి రెండున్నర రెట్లు" అని ఒకటే సంబరం. ఏదీ, ఆ లెక్క మీరూ ఓసారి వెయ్యండి. పాతది 2 కోట్ల 40 లక్షలది. దాని ఫొటోలో అడ్డంగా 6,000 చుక్కలు, దీంట్లో 9,504. అంటే ఒకటిన్నర రెట్లు, ఆపైన కాస్త. నిలువునీ అడ్డాన్నీ గుణించేసరికి అంకె అంత లావైంది. ముగ్గుకి చుక్కలు దగ్గరగా పెడితే గీత సన్నగా వస్తుంది, నిజమే. చెయ్యి వణికితే మాత్రం ఎన్ని చుక్కలుండి ఏం లాభం?

తెల్లారకుండానే గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుకి పోయాం. చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. 600 మిల్లీమీటర్ల లెన్సు బిగించాడు. దాంతో 50 మీటర్ల దూరాన ఉన్న పక్షిని తీస్తే, ఒక్కో పిక్సెల్ దాని ఒంటిమీద మిల్లీమీటరులో మూడోవంతు మేర పట్టుకుంటుంది. కూర్చున్న గూడబాతు పైముక్కు అంచున వరసగా ఉండే నీలిమచ్చల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాం.

అది ఎగిరిందా, కథ మారిపోతుంది. సెకనుకి 10 మీటర్లు పోయే పక్షి, సెకనులో వెయ్యోవంతులో ఒక సెంటీమీటరు జరుగుతుంది. కొత్త కెమెరాలో అది 30 పిక్సెళ్ల పైమాటే, పాతదాంట్లో 20. అందుకే పెద్దది చేసి చూస్తే కొత్తదాంట్లోనే బొమ్మ ఎక్కువ అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది! పక్షితోపాటు కెమెరా తిప్పితే ఒళ్లు నిలుస్తుంది గానీ, రెక్కల కొసలు నిలవవు. షట్టర్ని సెకనులో 3,200వ వంతుకి తెస్తే వచ్చే వెలుతురు మూడోవంతుకి పడిపోతుంది. ఐఎస్ఓ, అంటే వెలుతురుకి కెమెరా స్పందించే మోతాదు, పెంచక తప్పదు, పెంచితే బొమ్మ గరుకెక్కుతుంది.

ఎండెక్కితే ఇంకో తంటా. వేడిగాలి పలచన, చల్లగాలి చిక్కన. రెండూ కలబడే చోట కాంతి వంకర్లు పోతుంది. ఈకలు నీళ్లలో ఉన్నట్టు కదులుతాయి. ఏ పిక్సెలూ దాన్ని సరిచెయ్యలేదు.

నన్నడిగితే కొత్త కెమెరా అసలు లాభం కత్తిరింపులో ఉంది. ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సారు సైజుకి మధ్యముక్క ఒక్కటే ఉంచుకున్నా 2 కోట్ల 60 లక్షల పిక్సెళ్లు మిగులుతాయి. గూడు దగ్గరికి పోయి తల్లిపక్షిని బెదరగొట్టే పని తప్పుతుంది. ఇంకోమాట, కుదించని రా ఫైలు ఒక్కోటీ 120 మెగాబైట్ల చిల్లర. కొనేముందు కెమెరా ధరలో హార్డ్‌డిస్కు ధర కూడా కలిపి చూసుకోండి.